బండికి బండి మార్పిడి: నైట్రో ట్రక్కుల మన్నికను ఎట్లా చూడాలి?

మడుగులో ఉన్న బర్రెకు బేరమాడినట్లు అని మనవాళ్ళొక సామెత చెబుతారు. నీళ్ళపైన కనిపించేవి తలా, కొమ్ములూ మాత్రమే. కాలు కుంటిదో, పొదుగు ఎండినదో గట్టెక్కితే గాని తెలియదు. వాడిన నైట్రో ట్రక్కును ఇచ్చి మరొక ట్రక్కును పుచ్చుకొనే కుర్రవాళ్ళ బేరాలు చాలావరకు ఇటువంటివే. పైన రంగుల తొడుగు మెరుస్తూ వుంటుంది. ఇంజను ఎంత అరిగినదో, పళ్ళచక్రాలు ఏ గతిలో వున్నవో పైకి కనబడదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో కొన్న బండిని ఇచ్చి, పది రోజులకే ఆగిపోయే బండిని తెచ్చుకోవడమూ, ఆ తరువాత ఇద్దరు స్నేహితులు మొగమొగాలు చూచుకోకపోవడమూ ఈ బేరాలలో జరిగే నష్టం. బేరానికి ముందు ఒక గంట ఓపిక పడితే ఈ రెండు నష్టాలూ తప్పుతవి.

ఆటబొమ్మలను గురించి ఇంత చర్చ ఎందుకని పెద్దలు అనుకోవచ్చును. ఇవి తాళంచెవి తిప్పితే నడిచే బొమ్మలు కావు. నాలుగైదు కిలోల బరువు, నాలుగు చక్రాలకూ శక్తిని అందించే ఇరుసులు, నిమిషానికి ముప్పైవేల చుట్లు దాటి తిరగగల నిజమైన ఇంజను వీటికి వుంటవి. నడిపేవాడు రేడియో పెట్టెను చేతబట్టుకొని దూరాన నిలుచుంటాడు. బండి రాళ్ళమీద దూకుతుంది, పల్టీలు కొడుతుంది. అటువంటి దానికి మన్నిక అనే మాట చాలా పెద్ద మాట.

లోపల జరిగే పని

మన్నికను అర్థం చేసుకోవాలంటే ముందు ఇంధనాన్ని తెలుసుకోవలెను. ఇందులో పెట్రోలు వుండదు. మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ద్రవం ఇది. నైట్రోమీథేను సాధారణంగా నూటికి పది మొదలు ముప్పై పాళ్ళ వరకు వుంటుంది. ఇంజనుకు వేరుగా నూనె పోసే చోటు లేదు. ఇంధనంలో కలిసి వచ్చే నూనెయే లోపలి భాగాలను తడుపుతుంది. ఇంజను తలమీద వుండే గ్లో ప్లగ్గులో ప్లాటినం కలిసిన చిన్న తీగచుట్ట వుంటుంది. స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీతో దానిని ఎర్రగా కాల్చుతారు. తరువాత బ్యాటరీ తీసివేసినా మిథనాలు తగిలి ఆ తీగ తనంతట తానే కాలుతూ వుంటుంది.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతున్నది. వేగం కోసం సూదిని బిగించి ఇంధనాన్ని తగ్గిస్తే ఇంజనుకు అందే నూనె కూడా తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అంటే ఒక్క సూది మర చేతిలో ఇంజను ఆయుర్దాయం వున్నదన్నమాట. ఎంత మంచి కంపెనీ బండి అయినా సరే, అత్యాశతో సూదిని బిగించేవాడి చేతిలో పడితే నిలవదు.

మూడు బండ్లు, మూడు స్వభావాలు

మార్పిడి బేరాలలో తరచుగా వినబడే పేర్లు మూడింటిని తీసుకుందాము. అమెరికా కంపెనీ ట్రాక్సస్ 1999లో టి-మాక్స్‌ను తెచ్చింది. హెచ్.పి.ఐ. కంపెనీ సావేజ్ 21ను 2002లో తెచ్చింది. ట్రాక్సస్ వారే 2004లో రెవోను తెచ్చారు.

టి-మాక్స్ మొదట 0.15 ఘనపుటంగుళాల ఇంజనుతో, అనగా సుమారు 2.5 ఘన సెంటీమీటర్లతో వచ్చింది. తరువాతి రూపాలలో అది 3.3 ఘన సెంటీమీటర్ల దాకా పెరిగింది. ముందుకు రెండు గేర్లు, వెనుకకు నడిచే సౌకర్యం, మీట నొక్కితే తిరిగే ఎలక్ట్రిక్ స్టార్టరు దీని సుఖాలు. కొత్తగా నేర్చుకొనేవాడికి అనువైన బండి. దీనికి వెన్నెముక అడుగున పరచిన ఒకే అల్యూమినియం పలక. ఎత్తునుంచి దూకించగా దూకించగా ఆ పలక వంగుతుంది. చక్రాలకు శక్తిని తీసుకుపోయే ప్లాస్టిక్ షాఫ్టులు మెలిపడతవి. ఈ రెండూ దీని బలహీనతలు. మరొకటి గుర్తుంచుకోవలెను. చిన్న ఇంజనుకు తగినట్లు చేసిన గేర్ల పెట్టె మీద పెద్ద ఇంజనును తెచ్చి కూర్చోబెట్టిన టి-మాక్స్‌లు చాలా వున్నవి. వేగం చూచి మురిసిపోతే గేర్ల పళ్ళు మనకు బిల్లు వేస్తవి.

సావేజ్ 21 పేరులోని అంకె ఇంజను కొలత: 0.21 ఘనపుటంగుళాలు, అనగా సుమారు 3.5 ఘన సెంటీమీటర్లు. దీనికి వెన్నెముక నిలువుగా నిలబెట్టిన రెండు అల్యూమినియం పలకలు. పలకను అడ్డంగా పరచితే వంగుతుంది. నిలువుగా నిలబెడితే వంగదు. ఇంటి దూలాన్ని వెడల్పు మీద గాక ఎత్తు మీద ఎందుకు నిలుపుతారో ఏ వడ్రంగినైనా అడగండి. చక్రాలకు పోయే షాఫ్టులు ఉక్కువి. కనుక దూకుడు ఆటకు ఇది గట్టి బండి. అయితే బండి బరువు, ఇంజను బలం రెండూ కలిసి డిఫరెన్షియల్ పళ్ళమీద పడతవి. మొదటి సావేజ్‌లలో తరచు అరిగింది అక్కడే. కంపెనీయే తరువాత మరింత బలమైన పళ్ళ సెట్లను విడిగా అమ్మింది. అందుచేత పాత సావేజ్‌ను చూచినప్పుడు మొదటి ప్రశ్న, “డిఫరెన్షియల్ పళ్ళు పాతవా, మార్చినవా?” అని.

రెవో ధోరణి వేరు. దీని షాక్ అబ్జార్బర్లు నాలుగూ చక్రాల పక్కన నిలబడక, లోపల పడుకొని వుంటవి. తోపుడు కడ్డీలు, రాకర్ల ద్వారా చక్రం ఊపు వాటికి చేరుతుంది. బయటి రాయి షాకును తాకదు. మలుపుల దగ్గర ఇది తక్కిన రెంటికన్న నిలకడగా పోతుంది. కాని కీళ్ళు ఎక్కువైన కొద్దీ సడలే చోట్లు కూడా ఎక్కువే. కడ్డీ వంగినదేమో, రాకర్ బేరింగులలో ఇసుక చేరినదేమో ప్రత్యేకంగా చూడవలెను.

రకం వేరు, బండి వేరు

“ఇంతకూ ఏది గట్టిది?” అంటారు. దూకుళ్ళకు సావేజ్ అని నేను చెబుతాను. కాని బేరంలో మనకు వచ్చేది రకం కాదు, ఒక ఫలానా బండి. జాతి మంచిదని చెప్పి ముసలి ఎద్దును కొనే రైతు ఎవడూ లేడు. సంతలో అతడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, ఆ తరువాత నడిపించి చూస్తాడు. జాగ్రత్తగా వాడిన టి-మాక్స్, చితకబాదిన సావేజ్‌కన్న ఎక్కువ కాలం మన్నుతుంది. కాబట్టి పేర్లు పక్కన పెట్టి, ఎదుట వున్న బండిని పరీక్షించడం నేర్చుకోవలెను.

పరీక్షించే వరుస

బండి చల్లగా వుండగా చూస్తామని ముందే చెప్పండి. గ్లో ప్లగ్గు తీసి, ఫ్లైవీలును చేతితో మెల్లగా తిప్పండి. పిస్టను పైకొసకు చేరినప్పుడు బిగువుగా పట్టుకోవాలి. సిలిండరు గొట్టాన్ని పైవైపు కొద్దిగా సన్నగా చేస్తారు. నడిచేటప్పుడు పైభాగం ఎక్కువ వేడెక్కి వ్యాకోచించి సమానమవుతుంది. చల్లని ఇంజనులో ఆ బిగువు ఏమాత్రం లేకపోతే పిస్టను, గొట్టం అరిగిపోయినట్లే. తీసిన ప్లగ్గును కూడా చూడండి. తీగచుట్ట నలిగి, వంకర తిరిగి వుంటే ఇంజను వేడిమీద బాధపడినదని గ్రహించవచ్చును.

గాలి వడబోసే స్పాంజి మురికిగా, నూనె లేక ఎండిపోయి వుంటే ఇక ఇంజను సంగతి ఎక్కువ అడగనక్కరలేదు. వడబోత దాటిన దుమ్ము లోపల ఆకురాయిలా పనిచేస్తుంది.

తరువాత స్టార్టు చేయించండి. అయిదారు నిమిషాలు నడిచిన పిమ్మట ఇంజను తలమీద ఒక నీటిచుక్క వేయండి. మూడు నాలుగు సెకండ్లలో చిటపటలాడి ఆవిరైతే సరి. పడీపడకముందే ఎగిరిపోతే వేడి మితిమీరినది. యాక్సిలరేటరు వదిలిన తరువాత కూడా వేగం దిగక ఈలలు వేస్తూ వుంటే ఎక్కడో గాలి చొరబడుతున్నదని అనుమానించవలెను. చివరకు వేడిమీదనే ఇంజనును ఆపి, మళ్ళీ స్టార్టు చేయమనండి. అరిగిన ఇంజను చల్లగా వున్నప్పుడు లేచినా, వేడిమీద మొరాయిస్తుంది. చాలా బేరాలలో నిజం బయటపడేది ఇక్కడే.

ఆ తరువాత బండిని ఎత్తి పట్టుకొని, ఇంజను ఆగి వుండగా, ఒక్కొక్క చక్రాన్నీ చేతితో తిప్పండి. కటకటమని పళ్ళు దాటిన చప్పుడు వస్తే డిఫరెన్షియల్‌కు ఖర్చు వున్నది. చక్రాన్ని పట్టి అటూ ఇటూ ఊపండి, బేరింగులు తెలుస్తవి. స్పర్ గేరు ప్లాస్టిక్‌ది, అది అరగడం పెద్ద తప్పు కాదు. దెబ్బ తగిలినప్పుడు ఖరీదైన భాగాలను కాపాడి తాను పోవడానికే దానిని అట్లా చేస్తారు. విరిగిన చోటు కన్న, విరిగినది ఎంత తేలికగా మారుతుందో అదే చూడవలెను.

చక్రాలు పట్టే చేతులు నైలానువి. నైలాను బాగా ఎండితే పెళుసు బారుతుంది, తేమ పీల్చుకుంటే సాగే గుణం వస్తుంది. అందుకే కొందరు కొత్త చేతులను నీళ్ళలో వుడికించి మరీ బిగిస్తారు. మరల రంధ్రాల చుట్టూ తెల్లని గీతలు కనిపిస్తే అక్కడ పగులు మొదలైనదని అర్థం.

ఇంకొకటి మరువరాదు. బండిని స్టాండు మీద పెట్టి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా చేతిలోని రేడియోను ఆపివేయమనండి. బండి తనంతట తాను బ్రేకు పట్టాలి. రేడియో తెగినప్పుడు పూర్తి వేగంతో పారిపోయే బండి గోడకు కొట్టుకొంటే ఏ కంపెనీ మన్నికా దానిని కాపాడదు. అది మనిషి కాలికి తగిలితే నష్టం ఇంకా పెద్దది.

బేరంలో ధర్మం

బండి ఎన్నేళ్ళదని అడగడంకన్న, ఎంత ఇంధనం తాగిందని అడగండి. ఇంజను వయసు సంవత్సరాలలో లేదు. అలమరలో పదేళ్ళు కూర్చున్న బండి కూడా ఒక్కొక్కప్పుడు పాడయి వుంటుంది. మిథనాలు తేమను లాగుకొంటుంది. ఆట ముగిశాక మిగిలిన ఇంధనాన్ని ఖాళీ చేసి, లోపల రెండు చుక్కలు నూనె వేయకపోతే బేరింగులు తుప్పు పడతవి. “ఆట అయినాక ఏమి చేస్తావు?” అన్న ప్రశ్నకు తడుముకోకుండా సమాధానం చెప్పేవాడి బండి చాలావరకు మంచిదై వుంటుంది.

విడిభాగాల మాట బేరం కుదరక ముందే చూడవలెను. ఇవి మన వూళ్ళలో ప్రతి అంగట్లోనూ దొరికేవి కావు. బెంగుళూరైనా, చెన్నై అయినా, షోలాపురమైనా, బరంపురమైనా తరచు తెప్పించుకోవలసిందే. చిన్న గేరు ఒకటి రాక బండి నెలల తరబడి మూలపడితే దాని బలం ఎవరికి కావాలి? మార్పిడిలో బండితోపాటు అవతలివాని పెట్టెలో మిగిలిన విడిభాగాలు కూడా అడగండి, అవి బేరంలో సగం. బండిని వేరే వూరికి పంపేటట్లయితే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయవలెను. ఇంధనం మండే సరుకు. సామాన్య పార్సిలులో దానిని పంపకూడదు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు. అవతలివాని బండిలో లోపాలు వెదికే కన్ను మన బండి మీద కూడా అంత తీక్షణంగానే పడాలి. మన బండి ఛాసిస్ వంగి వుంటే మనమే చెప్పాలి. ఒక కాగితం మీద ఇద్దరూ తమ తమ బండ్లలో మార్చిన భాగాలు, మార్చవలసిన భాగాలు వ్రాసుకొని, తేడా వున్నంత మేరకు విడిభాగమో, కొంత రొక్కమో సర్దుకొంటే తరువాత మాటలు పడనక్కరలేదు. ఒక డిఫరెన్షియల్ సెట్టు ఖరీదు కోసం చిన్ననాటి స్నేహాన్ని పోగొట్టుకోవడం చాలా ఖరీదైన బేరం.

ఇంటివారికి ఒక మాట

ఈ ఇంధనం విషం. మిథనాలు కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చును. కాబట్టి దానిని నీళ్ళ సీసాలలో గాని, షరబత్తు సీసాలలో గాని ఎన్నడూ పోయరాదు. కొన్న డబ్బాలోనే, పేరు కనబడేటట్లు, చిన్నపిల్లలకు అందని చోట, పొయ్యికి దూరంగా వుంచవలెను. మిథనాలు మంట పగటి వెలుతురులో సరిగా కంటికి కనబడదు. ఇంజనును ఆరుబయటనే నడపాలి. పని ముగిశాక చేతులు కడుక్కోవాలి. మార్పిడిలో బండితోపాటు సగం డబ్బా ఇంధనం కూడా ఇంటికి వస్తుంది కనుక, ఈ జాగ్రత్త కూడా ఆ రోజే మొదలుకావాలి.

బ్యాటరీతో నడిచే బండ్లు బలపడిన తరువాత చాలామంది అటు మళ్ళారు. అయినా పొగ వాసన, ఇంజను మోత, సూదిని సరిదిద్దే నేర్పు మీద మోజు పడ్డవారు నైట్రోను వదలరు. ఆ పిల్లలు చేతులకు నూనె అంటించుకొని ఒక యంత్రం ఎందుకు నడుస్తుందో, ఎందుకు ఆగిపోతుందో నేర్చుకొంటున్నారు. ఆ విద్యకు బేరం కూడా ఒక పాఠమే. బర్రెను గట్టెక్కించి, నాలుగు కాళ్ళూ చూచి, ఆ తరువాతనే పలుపు చేతికి పుచ్చుకోవలెను.