డీఎన్‌ఏ పోగును మోసే గాజు రేణువు

కోవిడ్ రోజుల్లో ముక్కు నుంచి తీసిన నమూనాను ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకు పంపడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పరీక్షలో వైరస్ జన్యు పదార్థాన్ని వెతికి పట్టుకునేవి ప్రైమర్లు. ఇవి సుమారు 20 అక్షరాల పొడవుండే చిన్న డీఎన్‌ఏ పోగులు. వీటిని ఏ జీవి నుంచీ తీయరు. ఎ, టి, జి, సి అనే అక్షరాలను ఒకదాని తర్వాత ఒకటి రసాయనికంగా అతికించి తయారుచేస్తారు. ఈ పని జరిగేది మెత్తని ఇసుకలా కనిపించే గాజు రేణువుల మీద. పోగు ఎంత పొడవు పెరుగుతుంది, ఎంత మొత్తంలో వస్తుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి చాలావరకు ఆ రేణువును బట్టే ఉంటాయి. అందుకే దానిని మెరుగుపరచడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కృషి చేస్తున్నారు.

రేణువు ఎందుకు?

1970లో హరగోబింద్ ఖొరానా బృందం 77 అక్షరాల జతలున్న ఒక ఈస్ట్ జన్యువును కృత్రిమంగా రూపొందించింది. అందులోని చిన్న పోగులను ద్రావణంలోనే తయారుచేశారు. ప్రతి అతికింపు తర్వాత కావలసిన పదార్థాన్ని మిగతావాటి నుంచి వేరుచేయాలి. అందుకే ఆ పనికి ఏళ్లు పట్టింది.

ఈ శ్రమను తగ్గించే ఆలోచన అప్పటికే మొలకెత్తింది. పోగు ఒక కొసను ఘనపదార్థానికి అంటించి ఉంచితే, మిగిలిపోయిన రసాయనాలను కడిగేస్తే సరిపోతుంది. పోగు మాత్రం అక్కడే ఉంటుంది. బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో ప్రోటీన్ ముక్కలైన పెప్టైడ్ల తయారీలో ఈ పద్ధతిని చూపారు. 1965లో రాబర్ట్ లెట్‌సింగర్, మహదేవన్ దీనిని డీఎన్‌ఏ పోగులకు వర్తింపజేశారు. లెట్‌సింగర్ శిష్యుడు, ఆ తర్వాత ఖొరానా ప్రయోగశాలలో పనిచేసిన మార్విన్ కరూథర్స్ 1980ల ఆరంభంలో సిలికా రేణువుల మీద వేగంగా సాగే రసాయన పద్ధతిని రూపొందించారు. నేటి యంత్రాలు నడిచేది ఆ బాటలోనే.

ఒక్కో అక్షరానికి నాలుగు దశలు

మొదట పోగు చివరనున్న రక్షక మూతను ఆమ్లంతో తీసేస్తారు. అప్పుడు వచ్చే నారింజ రంగు ఎంత గాఢంగా ఉందో చూసి, అంతకుముందు అతికింపు ఎంత బాగా జరిగిందో తెలుసుకుంటారు. తర్వాత కొత్త అక్షరాన్ని కలుపుతారు. అది అతకని పోగులు ఇక పెరగకుండా వాటి కొసలను మూసేస్తారు. చివరగా కొత్త బంధాన్ని ఆక్సీకరణతో స్థిరపరుస్తారు. దశకూ దశకూ మధ్య రేణువులను కడుగుతారు.

ఇక్కడ ఒక లెక్క ఉంది. ప్రతి అతికింపు 99 శాతం విజయవంతమైతే, 20 అక్షరాల పోగులు దాదాపు 83 శాతం సరిగ్గా పూర్తవుతాయి. 100 అక్షరాలకు వచ్చేసరికి అది 37 శాతానికి, 200 అక్షరాలకు సుమారు 14 శాతానికి పడిపోతుంది. అదే విజయం 99.5 శాతానికి పెరిగితే, 200 అక్షరాల పోగులు కూడా 37 శాతం దక్కుతాయి. అంటే ఆ అర శాతం కోసమే ఇంత తపన.

రంధ్రంలో రద్దీ

గాజు రేణువు నిండా సన్నని రంధ్రాలుంటాయి. పోగులు ఎక్కువగా పెరిగేది ఆ రంధ్రాల లోపలి గోడల మీదే. పోగులు పొడవయ్యే కొద్దీ రంధ్రం ఇరుకవుతుంది, కొత్త రసాయనాలు లోపలికి చేరలేవు. అందుకే 40, 50 అక్షరాల లోపు పోగులకు 50 నానోమీటర్ల రంధ్రాలున్న గాజు సరిపోతుంది. దాదాపు 100 అక్షరాలకు 100 నానోమీటర్లవి, అంతకన్నా పొడవైనవాటికి ఇంకా పెద్దవి వాడతారు.

అయితే రంధ్రం పెద్దదైతే గోడల మొత్తం వైశాల్యం తగ్గుతుంది. ఒక గ్రాము గాజు మీద పట్టే పోగుల సంఖ్య కూడా తగ్గుతుంది. పొడవు కావాలంటే పరిమాణం వదులుకోవాలి, పరిమాణం కావాలంటే పొడవు వదులుకోవాలి. ఆధార పదార్థాన్ని మెరుగుపరచడంలో అసలు చిక్కు ఇదే.

దీనికి ఒక సమాధానం పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ రేణువులు. వీటి మీద గాజు కన్నా అనేక రెట్లు ఎక్కువ పోగులను పెంచవచ్చు. ఇవి నీటిని దరిచేరనివ్వవు. తేమ తగిలితే అతికింపు దెబ్బతింటుంది కాబట్టి ఇదీ మేలే. కానీ ప్లాస్టిక్ మరీ వదులుగా ఉంటే ద్రావకంలో ఉబ్బి, గొట్టంలో ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. అందుకే దాని అణు గొలుసులను అడ్డబంధాలతో గట్టిగా కట్టి, రంధ్రాలు నిలిచి ఉండేలా తయారుచేస్తారు.

రేణువుకూ పోగుకూ మధ్యనున్న లంకె మీదా పరిశోధన సాగుతోంది. మామూలు పద్ధతిలో మొదటి అక్షరం ముందే రేణువుకు అంటి ఉంటుంది. కాబట్టి నాలుగు రకాల రేణువులు నిల్వ ఉంచాలి. ఏ అక్షరంతోనైనా మొదలుపెట్టగల సార్వత్రిక ఆధారం ఉంటే ఒకే రకం చాలు. ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి ఆధారాల మీద పరిశోధనలు చేశారు.

మందుల దాకా

ఇప్పుడు ఈ పోగులు పరీక్షలకే పరిమితం కావు. పిల్లల కండరాలను క్షీణింపజేసే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీకి 2016లో అమెరికాలో అనుమతి పొందిన నూసినెర్సెన్, డీఎన్‌ఏను పోలిన 18 అక్షరాల పోగు. ఇలాంటి మందులు కిలోల లెక్కన కావాలి. ఒక్క కిలో తయారీకి ద్రావకాలు, రసాయనాలు కలిపి వేల కిలోలు ఖర్చవుతాయి. అందులో గణనీయమైన భాగం రేణువులను కడగడానికి పోతుంది. అదే గొట్టంలో, అదే ద్రావకంతో ఎక్కువ పోగులు పండించే రేణువు దొరికితే ఖర్చుతో పాటు వ్యర్థాలూ తగ్గుతాయి. తయారైన పోగును విడదీశాక రేణువును సాధారణంగా పారేస్తారు. మందు సీసాలో దాని జాడ కనిపించదు, కానీ ఆ మందు ఎంత స్వచ్ఛంగా, ఎంత చౌకగా రాగలదో తేల్చడంలో దాని పాత్ర చిన్నది కాదు.