చలికాలంలో పొదుపు

కార్తీకం వచ్చిందంటే మన అచ్చంపేట ప్రాంతంలో తెల్లవారుజామున చలి మొదలవుతుంది. ఆ రోజుల్లో ఇంట్లో కరెంటు, కట్టెలు ఎక్కువగా ఖర్చయ్యేది వేడినీళ్లకే.

1500 వాట్ల హీటర్ గంటసేపు పనిచేస్తే ఒకటిన్నర యూనిట్లు ఖర్చవుతాయి. 20 డిగ్రీలున్న 15 లీటర్ల నీళ్లు 40 డిగ్రీలకు రావడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది. స్నానానికి ఆ వేడి చాలు. మరచిపోయి 60 డిగ్రీల దాకా కాగనిస్తే ఖర్చు రెట్టింపు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చేయి పెట్టాలి. లేకపోతే ప్రాణాలకే ప్రమాదం.

పొయ్యి మీద కాచేవారు బాగా ఎండిన పత్తికట్టె, మిరపకట్టె వాడాలి. పచ్చి కట్టెలో ఉన్న నీరు ఆవిరి కావడానికే చాలా వేడి పోతుంది, పొగ కూడా ఎక్కువ. కాగు మీద మూత పెడితే నీళ్లు త్వరగా కాగుతాయి.

60 వాట్ల పాత బల్బు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే, రోజుకు 5 గంటల చొప్పున నెలకు 7 యూనిట్లకు పైగా మిగులుతాయి.

చల్లని నేల ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే పడుకునేటప్పుడు కింద గోనెపట్టా, దానిపై చాప పరచుకోవాలి. పల్చటి చొక్కాలు రెండు వేసుకుంటే మధ్యలో నిలిచిన గాలి వేడిని బయటికి పోనివ్వదు.

పొదుపు పేరుతో పసిపిల్లలను, ముసలివారిని చలికి వదిలేయకూడదు. వృథాను ఆపితే చాలు. పత్తి తీసి, మిరపకాయలు కోసి మన అమ్మానాన్నలు తెచ్చే కూలి డబ్బులో ఆ మిగులు మన పుస్తకాలకు పనికొస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం!