నర్సింగు విద్యకు బ్యాంకు ఋణము

మా పాఠశాల విడిచి వెళ్లు బాలికలలో పలువురు నర్సింగు చదువవలెనని కోరుచుందురు. కోరిక యుక్తమైనదే. అట్టి విద్య గరపు సంస్థలు కోలారులోను, సరిహద్దు దాటిన కుప్పములోను కలవు. చిక్కంతయు రుసుము వద్దనే. 2001 ఫిబ్రవరి 28వ తేదీన బంగారు గనులు మూతపడిన పిమ్మట నిలుకడగా నెలజీతము వచ్చు ఇండ్లు ఈ ఊర తగ్గినవి. గని లైనులలో తరతరములుగ కాపురమున్న వారిలో అనేకులకు ఇల్లు కంపెనీదే గాని తమది కాదు. “తాకట్టు పెట్టుటకు ఏమియు లేని మాకు బ్యాంకువారు అప్పిత్తురా?” అని తండ్రులు వెనుకాడుదురు.

ఇత్తురు. భారతీయ బ్యాంకుల సంఘమువారి ఆదర్శ విద్యాఋణ పథకము 2001 నుండి, అప్పుడప్పుడు సవరణలతో, అమలునందున్నది. దాని ప్రకారము 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అక్కరలేదు. తల్లియో తండ్రియో విద్యార్థితో కలసి సంతకము చేసిన చాలును. రుసుమే గాక వసతిగృహపు వ్యయము, పుస్తకములు కూడ ఇందు చేరును. చదువు ముగిసిన ఒక సంవత్సరము వరకు వాయిదాలు కట్టనక్కరలేదు.

అయితే వాయిదా ఆగినను వడ్డీ ఆగదు. ఈ సంగతి పెక్కుమంది గమనింపరు. లెక్క చూడుడు. ఏటికి 75,000 చొప్పున నాలుగేండ్లకు 3 లక్షలు తీసికొంటిమనుకొందము. వడ్డీ నూటికి ఏటికి 10 రూపాయలనుకొన్నచో, తొలి వాయిదా కట్టు నాటికి బారువడ్డీయే 1,05,000 అగును. మొదటి సంవత్సరమున ఆ వడ్డీ నెలకు 625 రూపాయలు మాత్రమే. ఇల్లు గడచువారు దానిని అప్పటికప్పుడు చెల్లించుచుండుట మేలు. కుటుంబ వార్షికాదాయము 4.5 లక్షలకు మించనిచో, ఆ కాలపు వడ్డీని కేంద్రప్రభుత్వము భరించు పథకము 2009 నుండి కలదు. దానికి ఆదాయ ధ్రువపత్రము కావలెను. చదువు నడుమ మానిన వారికి ఆ సహాయము దక్కదు.

కళాశాలను ఎన్నుకొనుటలో తొందర పనికిరాదు. నర్సింగు మండలి గుర్తింపు లేని కోర్సునకు ఈ ఋణము లభింపదు. యాజమాన్యపు కోటాలో చేరినచో ప్రభుత్వము ఆమోదించిన రుసుమునే బ్యాంకువారు లెక్కింతురు. మధ్యవర్తి అడుగు విరాళము ఆ లెక్కలోనికి రాదు. కనుక బయానా ఇచ్చుటకు ముందే బ్యాంకునకు పోయి, కళాశాల పేరు చెప్పి విచారింపవలెను. బయానా ఇచ్చిన పిమ్మట విచారించినచో ఆ సొమ్ము తిరిగి చేతికి వచ్చుట దుర్లభము.

మరియొక భ్రమ కలదు. మనము అల్పసంఖ్యాకులము గనుక కర్ణాటక ప్రభుత్వపు అల్పసంఖ్యాకుల ‘అరివు’ ఋణము మనకును వర్తించునని కొందరు తలంతురు. అది మతరీత్యా అల్పసంఖ్యాకులైన వారికే గాని భాషను బట్టి ఇచ్చునది కాదు. వెనుకబడిన తరగతులవారు దేవరాజ అరసు అభివృద్ధి సంస్థను అడుగవచ్చును.

దరఖాస్తు కన్నడమునందో ఆంగ్లమునందో ఉండును. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మాకే మొదట ఆ కన్నడ పత్రములు కొరుకుడు పడలేదు. చదివించుకొని, అర్థము తెలిసిన పిమ్మటనే సంతకము చేయుడు. దరఖాస్తు అందినట్లు రసీదు తీసికొనుడు. మీ నివాసము మా శాఖ పరిధిలో లేదను కారణమున త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించినది. నిరాకరించినచో పై అధికారి సమ్మతితో కారణము తెలుపవలెనని పథకమునందే కలదు. ఆ కారణమును వ్రాతమూలకముగా అడుగుడు.