ఆంగ్ల క్రియలలో మూడవ రూపము

మా బడిలో చదివి వెళ్ళిన పిల్లవాడొకడు ఇటీవల తన ఉద్యోగపు దరఖాస్తును నాకు చూపుటకై తెచ్చెను. అతడు ప్రతిదినము తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి పని వెదకుకొనుచున్నవాడు. దరఖాస్తు మొదటి వాక్యముననే ‘ఐ హావ్ వ్రోట్’ అని యున్నది. ‘రిటెన్’ అని దిద్ది యిచ్చితిని. “రెండూ అయిపోయిన పనే కదా సార్?” అని యడిగెను. ప్రశ్న మంచిదే. తరగతిలో దానికి జవాబు చెప్పక, పట్టికను మాత్రము వల్లె వేయించిన తప్పు నాది. అతనికి చెప్పిన సంగతియే విద్యార్థుల కొఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

తెలుగున ‘కడ్డీ విరిగెను’ అన్నచో వాక్యము ముగియును. ‘విరిగిన’ అని యాగినచో వినువాడు తరువాతి మాటకై యెదురుచూచును. మొదటిది సమాపక క్రియ, రెండవది ధాతుజ విశేషణము. ఆంగ్లమున ‘బ్రోక్’ మొదటిదాని వంటిది. ‘బ్రోకెన్’ రెండవదాని వంటిది. బ్రోకెన్ తనంతట వాక్యమును ముగింపజాలదు. హావ్, హాజ్, హాడ్‌లలో నొకటి గాని, ఈజ్, వాజ్, వర్ మొదలగువానిలో నొకటి గాని దానికి తోడు కావలెను. లేనిచో ‘బ్రోకెన్ రాడ్’ అని నామవాచకమును అంటిపెట్టుకొని యుండవలెను. బ్రోక్‌నకు ఆ తోడు అక్కఱలేదు, పనికిరాదు కూడ. కనుకనే హావ్ ప్రక్కన వ్రోట్, వెంట్, సా నిలువవు. రిటెన్, గాన్, సీన్ నిలుచును.

మనవారికి ఇందులో ఒక చిక్కున్నది. ‘విరిచియున్నాను’ అనుచోట ఒక రూపమును, ‘విరిచిన కడ్డీ’ అనుచోట వేఱొక రూపమును మనము వాడుదుము. ఆంగ్లము రెండింటికిని బ్రోకెన్ ఒక్కదానితోనే సరిపెట్టుకొన్నది.

‘ఎడ్’ చేరు క్రియలలో ఈ భేదము కంటికి కానరాదు. వర్క్ అను క్రియకు రెండవ రూపమును మూడవ రూపమును వర్క్‌డ్ ఒక్కటే. కష్టమంతయు సుమారు 200 క్రమరహిత క్రియలతోనే. వీనిలో చాలవఱకు ప్రాచీనాంగ్లమునాటివి. నిత్యము నోళ్ళలో నలుగుటచే పాతరూపులను వదలలేదు. వెంట్ మాత్రము గో యొక్క సొంతబిడ్డ కాదు. వెండ్ అను మఱియొక క్రియనుండి వచ్చి చేరినది. ఇది అన్యాయమని ఆంగ్లమును నిందింప బనిలేదు. మన ‘వచ్చు’ ధాతువునకు ‘రా’, ‘రాడు’ అను రూపములెట్లు వచ్చెనని మనలో నెవరడిగిరి? ఇంగ్లండులోని పసిపిల్లలు సైతము మొదట ‘కమ్‌డ్’ అనియే పలికి, పిదప దిద్దుకొందురు.

ఈ క్రియలకు మన యూరి చరిత్రయే మంచి పట్టిక. గనికి షాఫ్టు దించుటను ఆంగ్లమున సింక్ అందురు: సింక్, సాంక్, సంక్. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిన పిమ్మట ఇచ్చట షాఫ్టులు ‘వర్ సంక్’. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. రాయి ‘వాజ్ బ్రోకెన్’. మిల్లులో ‘వాజ్ గ్రౌండ్’. ఈ గ్రౌండ్ నేల కాదు, గ్రైండ్ యొక్క మూడవ రూపము. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు ‘వాజ్ బ్రాట్’. 1956లో గనులు ప్రభుత్వపరమై ‘వర్ టేకెన్ ఓవర్’. 2001లో ‘వర్ షట్’. షట్ అనునది మూడు రూపములలోను మాఱదు. కట్, పుట్, హిట్ కూడ అట్టివే.

మఱియొక ముచ్చట. కరగిన వెన్న ‘మెల్టెడ్ బటర్’. కరగిన బంగారము మాత్రము ‘మోల్టెన్ గోల్డ్’. పాత రూపము లోహములకును రాళ్ళకును మిగిలినది. ఈ యూర బుట్టినవానికి ఇది తెలియకుండరాదు.

పట్టికను మూడేసి మాటలుగా వల్లించుట చాలదు. మూడవదానిని ఎల్లప్పుడును తోడుతోనే పలుకవలెను: ‘హావ్ గాన్’, ‘హాజ్ కమ్’, ‘వాజ్ టేకెన్’. అప్పుడు చెవియే తప్పును పట్టుకొనును.

ఆ పిల్లవాడు మరునాడు మరల వచ్చెను. ‘హావ్ లెర్న్‌డ్’ అనవలెనా, ‘హావ్ లెర్న్ట్’ అనవలెనా యని సందేహము. రెండును చెల్లునంటిని. దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకొని రైలుకు పోయెను.