మీ జబ్బు చరిత్ర ఎవరి బీరువాలో ఉంది?

ఇంట్లో జబ్బుమనిషి ఉంటే మన ఆడవాళ్ళం మందులతోపాటు కాపాడుకోవలసింది మరొకటుంది, కాగితాల సంచీ. డాక్టరుగారి చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, అన్నీ ఏ బట్టలకొట్టువాళ్ళిచ్చిన సంచీలోనో కుక్కి, మంచం కింద ట్రంకుపెట్టెలో పెడతాం. వాడరేవులో ఉండే మా పిన్నిగారూ అలాగే పెట్టుకున్నారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా! ముందురోజే పిన్నిగారిని చీరాలలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. మనిషి వచ్చారు గానీ పెట్టె రాలేదు. నీళ్ళు తీసిన తరవాత వెళ్ళి చూస్తే కాగితాలన్నీ ఒకే ముద్దయి, సిరా అలుక్కుపోయి ఉంది. ఇల్లు కడుక్కున్నాం, పరుపు ఎండేసుకున్నాం, ఆ ముద్దని మాత్రం ఏమీ చేయలేకపోయాం.

రెండు నెలలు తిరక్కుండా ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషను చేయవలసి వచ్చింది. మత్తుమందు ఇచ్చే డాక్టరుగారు "ఇదివరకు మీకు ఏ ఇంజక్షనైనా పడలేదామ్మా?" అని అడిగారు.

"ఒకటి పడలేదు బాబూ, ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. తెల్లగా ఉండేది ఆ మందు" అన్నారు మా పిన్నిగారు.

తెల్లగా ఉండే మందులు ఎన్ని లేవు! ఆ సంగతి జరిగిన ఆస్పత్రిలో దాని పేరు కంప్యూటరులోకి ఎక్కించడం నేను కళ్ళారా చూశాను. ఆస్పత్రి పేరెందుకులెండి. పరుగున అక్కడికి వెళ్ళి అడిగాను. కౌంటరు దగ్గర అమ్మాయి పాపం నొచ్చుకుంటూనే చెప్పింది. "మేం సాఫ్ట్‌వేరు కంపెనీని మార్చామండీ ఆంటీ. పాతవి ఇందులో తెరుచుకోవు."

అంటే తుఫానులో తడవని కాగితం కంప్యూటరులో తడిసిందన్నమాట. ఆపరేషను డాక్టర్లు అనుమానం ఉన్న మందులన్నీ పక్కనపెట్టి జాగ్రత్తగా చేశారు, ఆవిడ క్షేమంగా ఇంటికొచ్చారు. కానీ ఆ మందు పేరు మాకు ఈనాటికీ తెలియదు.

అప్పటినుంచీ ఈ విషయం గురించి తెలిసినవాళ్ళని అడిగి, నాకర్థమైనంతవరకూ తెలుసుకున్నాను. కంప్యూటరులో ఎక్కిస్తే చాలదు, ఎక్కించిన సాఫ్ట్‌వేరు ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలిట. మీరు ఇనప్పెట్టె కొన్నారనుకోండి. తాళంచెవి మాత్రం అమ్మినవాడి దగ్గరే ఉంది. పెట్టె మీది, నగలు మీవి, కానీ అతను కొట్టు కట్టేసి వెళ్ళిపోతే మీ నగలు మీవి కానట్టే. కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేరు ఇలాంటిదే. లోపల మన వివరాలు ఏ పద్ధతిలో దాచారో ఆ కంపెనీకి తప్ప మరొకరికి తెలియదు.

దీనికి విరుద్ధమైనదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. అది మన ఆవకాయ కొలతలాంటిది. ఎన్ని కాయలకి ఎంత కారం, ఎంత ఆవపిండి, ఎంత ఉప్పు, అంతా అందరికీ తెలిసే ఉంటుంది. ఎవరైనా పెట్టుకోవచ్చు, తమ రుచికి మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకీ చెప్పొచ్చు. ఒక వంటావిడ మానేసినా ఇంకొకావిడ వచ్చి అదే జాడీ అందుకుంటుంది. కంప్యూటరుకి రాసిన సూచనలన్నీ బయటికి కనిపించే సాఫ్ట్‌వేరు గనక, ఒక కంపెనీ తప్పుకున్నా మరొక ఇంజనీరు చదివి పాతవాటిని తెరవగలడు.

ఇదేదో విదేశాల ముచ్చట అనుకోకండి. 2000వ సంవత్సరం చివరలోనే మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా కుప్పంలో ఇలాంటి ప్రయత్నం ఒకటి మొదలైంది. వర్ణవివక్ష పోయిన తరవాత దక్షిణాఫ్రికాలో నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయంవారి సాయంతో తయారైన ఉచిత సాఫ్ట్‌వేరుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పెట్టి చూశారు. అది ఒక్కొక్క రోగి చరిత్ర రాసేది కాదు లెండి. ఎంతమంది పిల్లలకి టీకాలు పడ్డాయి, ఎన్ని కాన్పులయ్యాయి అన్న లెక్కలు చూసేది. మన రాష్ట్రమంతటా అది పాకలేదు. కానీ ఎవరి సొంత ఆస్తీ కాదు గనక చచ్చిపోనూ లేదు. దాని రెండో అవతారం 2006లో కేరళలో అడుగుపెట్టింది, ఈనాడు డెబ్బైకి పైగా దేశాలలో వాడుతున్నారు.

రోగుల చరిత్ర రాసేది ఇంకొకటుంది, ఓపెన్ ఎం.ఆర్.ఎస్. అని 2004లో మొదలైంది. ఆఫ్రికాలో హెచ్.ఐ.వి. రోగులు వేలకి వేలుగా వస్తుంటే, ఎవరికి ఏ మందు ఎప్పుడిచ్చారో కాగితాల మీద చూసుకోలేక, కెన్యాలో ఎల్డొరెట్ ఊరి ఆస్పత్రివాళ్ళూ అమెరికాలో ఇండియానా డాక్టర్లూ కలిసి పూనుకున్నారు. దాన్ని ఆధారం చేసుకుని మన దేశంలోనే ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీ అనే పల్లెలో, జన స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రి కోసం థాట్‌వర్క్స్ కంపెనీ ఇంజనీర్లు బాహ్మ్‌ని అన్నది తయారుచేశారు. రోగి పేరు రాయించుకోవడం దగ్గరనుంచి లాబొరేటరీ పరీక్ష, బిల్లు దాకా అన్నీ ఒకచోటే. పల్లెటూరి పేదల ఆస్పత్రి కోసం పుట్టినది ఎన్నో దేశాలకి వెళ్ళింది. నాకైతే భలే సంతోషం వేసింది.

"ఓపెన్ అంటే నా జబ్బు సంగతి ఊరంతా చదువుతుందా?" అని మా పక్కింటి వదినగారు భయపడ్డారు. కాదు. తెలిసేది ఆవకాయ పెట్టే విధానం, మీ ఇంటి జాడీ కాదు. తాళం ఆస్పత్రి వేసుకోవలసిందే. అలాగే ఉచితం అంటే ఖర్చే ఉండదనీ అనుకోకూడదు. కంప్యూటర్లు కావాలి, కరెంటు కావాలి, చూసుకునే మనిషికి జీతం కావాలి. ఆ మనిషి లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా మూలపడుతుంది.

ఇంకొక మాట. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ఆరంభించిన పథకంలో మనకి పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. చాలామంది అందులోనే మన రిపోర్టులన్నీ ఉంటాయనుకుంటున్నారు. అది ఇంటి నంబరులాంటిదే, బీరువా కాదు. కాగితాలు ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రిలోనే ఉంటాయి, మన అనుమతితో ఒకచోటినుంచి ఒకచోటికి వెళతాయి. అక్కడి సాఫ్ట్‌వేరే పాతవాటిని తెరవలేకపోతే నంబరు ఉండి మాత్రం ఏం లాభం?

మనకి హక్కు లేదనుకోకండి. రికార్డులోని వివరాలు రోగివే అని కేంద్ర ఆరోగ్యశాఖ 2016 ప్రమాణాలలో రాశారు. భారత వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారం మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అయితే ఆస్పత్రిలో చేరినవాళ్ళ రికార్డుని మూడేళ్ళు దాచమనే అందులో ఉంది. మా పిన్నిగారి విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అందుకని పడని మందు పేరు ఇంట్లో పంచాంగం అట్ట లోపల కూడా రాసుకోండి, తప్పులేదు.

మొన్న కంటి పరీక్షకి వెళ్ళినప్పుడు పిన్నిగారు నాకన్నా ముందే కౌంటరు దగ్గర నిలబడి, "బాబూ, మీరు రేపు ఈ కంప్యూటరు మారిస్తే నా సంగతులు ఏమవుతాయి?" అని అడిగారు. ఆ కుర్రవాడు తెల్లబోయి లోపలికెళ్ళి మేనేజరుని పిలుచుకొచ్చాడు. ఆయన కాసేపు ఆలోచించి, "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదమ్మా, కనుక్కుని చెబుతాను" అన్నారు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి.