బొమ్మ రైలింజనుకీ ఓ నంబరు

మా మోడల్ రైల్వే క్లబ్బులో ఇప్పుడు వైరింగంతా డీసీసీకి మారుస్తున్నాం. మాది హెచ్.ఓ. స్కేలు, అసలు రైలులో 87వ వంతు. పాత పద్ధతిలో వోల్టేజీ పెంచితే ఆ పట్టా మీదున్న ఇంజన్లన్నీ ఒక్కసారే పరిగెత్తేవి. డీసీసీలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాంతోపాటే ఆజ్ఞలూ వెళతాయి. ఇంజన్లోని డీకోడరు తన నంబరు పిలిస్తేనే పలుకుతుంది. ఎన్.ఎం.ఆర్.ఏ. 1990లలోనే ప్రమాణాలు పెట్టింది కనుక ఏ కంపెనీ డీకోడరైనా ఫరవాలేదు.

చిక్కల్లా పాత ఇంజన్లతోనే. వాటిలో చాలావాటికి మోటారు చట్రానికి తగిలి ఉంటుంది; విడదీయకుండా బిగిస్తే డీకోడరు మాడిపోతుంది. పెద్దాయనలు నలభయ్యేళ్ళ నాటి ఇంజన్లు తెచ్చి బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చుంటున్నారు. వాటికోసం ఒక లూపు పాత పద్ధతిలోనే ఉంచాలని నేను పట్టుబట్టాను, చివరికి ఒప్పుకున్నారు.

సోల్డరింగు పని శనివారాలు. పదేళ్ళు దాటిన పిల్లలుంటే మీరూ తోడుగా రండి. ఆ సన్నటి వైర్లకి మా కళ్ళకన్నా వాళ్ళ కళ్ళే నయం.