కడుపు చిన్నగ జేసి ఇంటికి పంపుతున్రు.. ఆ తర్వాత ఎవలు చూడాలె?

ఈ మధ్య బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటన కనవడని రోడ్డు లేదు. ఉప్పల్ రింగురోడ్డు అయినా, నాచారం చౌరస్తా అయినా గదే కథ. ఎడమ దిక్కు లావుగున్న ఫొటో, కుడి దిక్కు సన్నవడ్డ ఫొటో, రెండిటి నడుమ ఒక గీత. ఆ గీతల యాడాదిన్నర, రెండేండ్ల బతుకు ఉంటది. అన్ని రోజులు ఆ మనిషి ఏం తిన్నరు, ఎన్నిసార్లు కక్కిన్రు, ఏ గోలీ మర్చిపోయిన్రు, కాళ్లు తిమ్మిరెక్కితే ఎవలకు ఫోన్ చేసిన్రు.. ఇవేవీ ఫొటోల కనవడయి. నేను రాసేది ఆ గీత గురించే.

ఆపరేషన్‌ను నేను తిడ్తలేను. షుగర్, బీపీ, నిద్రల ఊపిరి ఆగుడు, మోకాళ్ల నొప్పులతోటి తిప్పలు పడేటోళ్లకు ఇది నిజంగనే మేలు చేస్తది. కొందరికైతే కొద్ది రోజులకే షుగర్ మందులు తగ్గిపోతయి. ‘నోరు కట్టుకోలేనోళ్ల షోకు’ అని ఎక్కిరిచ్చేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడున్రి. తెలంగాణల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల ప్రతి పది మందికి ముగ్గురు బరువు ఎక్కువున్నోళ్లే. పొద్దంతా మిషన్ ముంగట కూసునుడు, తెల్ల బియ్యం బువ్వతోటే కడుపు నింపుడు, రాత్రి పదింటికి తినుడు.. ఇదంతా నోరు కట్టుకుంటే పోయేది కాదు.

ఇంకో ముచ్చట సుత తేల్చుకోవాలె. 2015ల నటి ఆర్తి అగర్వాల్ అమెరికాల చనిపోయినప్పుడు ‘లైపోసక్షన్’ అనే మాట టీవీలల్ల మోగింది. అది తోలు కింద కొవ్వును గుంజి తీసుడు. మనం మాట్లాడేది వేరే. దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటరు. ఇండ్ల రెండు రకాలు ఎక్కువ నడుస్తున్నయి. ఒకటి స్లీవ్. కడుపుల ముప్పావు వంతు కంటె ఎక్కువే కోసి తీసేసి, మిగిలింది అరటిపండు లెక్క గొట్టం చేస్తరు. ఆకలి పుట్టిచ్చే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగ తయారయ్యేది ఆ కోసేసిన భాగంలనే. అందుకే మొదట్ల ఆకలే కాదు. రెండోది బైపాస్. కడుపు పైభాగంల కోడిగుడ్డంత సంచి చేసి, దాన్ని సక్కగ చిన్న పేగుకు కలుపుతరు. తిండి తక్కువ పడ్తది, తిన్నదాంట్ల సత్తువ తక్కువ ఒంటికి పడ్తది.

నితిన్ గడ్కరీ 2011ల, అరుణ్ జైట్లీ 2014ల ఇసొంటి ఆపరేషన్లు చేయించుకున్నోళ్లే. అసొంటోళ్ల ఇంట్ల వంటమనిషి ఉంటడు, ఒక్క ఫోన్‌కు డాక్టర్ వస్తడు. మల్లాపూర్ గల్లీల ఉండే ఆమెకు ఏమున్నది? డిశ్చార్జ్ నాడు చేతుల పెట్టిన ఇంగ్లిష్ కాగితం ఉన్నది. ఆ కాగితంల ఉన్నదాంట్ల పానం మీదికి వచ్చే ముచ్చట్లు నాలుగైదే.

మొదటిది వాంతులు. కొత్తల ఒకటి రెండు సార్లు కక్కుడు ఉంటది. గబగబ తిన్నా, నమలక మింగినా అయితది. దాంతోటి ‘గీ ఆపరేషన్ అయినోళ్లకు కక్కుడు మామూలే’ అని ఇంటోళ్లు, పక్కింటోళ్లు ధైర్యం చెప్తరు. ఈ ధైర్యమే కొంప ముంచుతది. రోజులకు రోజులు కక్కుడు మామూలు కాదు. ఎందుకంటే మన ఒంట్ల బి1 విటమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిండి సక్కగ లేక, తిన్నది కక్కితే అది అడుగంటుతది. ముందు పాదాలు తిమ్మిరెక్కుతయి. తర్వాత నడక తూలుతది, ఒకటి రెండు లెక్క కనవడ్తది, మాట తిక్కతిక్కగ వస్తది. అప్పటికీ పట్టించుకోకపోతే మెదడు దెబ్బతిని, మతిమరుపు జీవితాంతం ఉండిపోవచ్చు. పానం సుత పోవచ్చు.

ఈ రోగం మనకు కొత్త కాదు. నాచారానికి దగ్గర్లనే, తార్నాకల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది గదా. అది 1918ల కూనూరుల ఒక్క గది ల్యాబ్‌గ పుట్టింది. అప్పుడు దాని పేరేందో ఎరుకేనా? ‘బెరిబెరి ఎంక్వైరీ యూనిట్’. మొదలువెట్టినాయన రాబర్ట్ మెక్‌కారిసన్. 1958ల హైదరాబాద్‌కు వచ్చింది. బెరిబెరి అంటే బి1 లేక వచ్చే రోగమే. మద్రాస్ రాష్ట్రంల ఉన్నప్పటి ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే కోస్తాంధ్ర, దానికి పేరువడ్డ జాగ. మిల్లుల పాలిష్ పట్టిన బియ్యంతోటి తవుడు పోయి, తవుడుతోటి బి1 పోయి జనం కాళ్లు పడిపోయినయి. నూరేండ్ల కింద గరీబు ఇంట్ల చూసిన రోగం ఇయ్యాల లక్షలు ఖర్చువెట్టి ఆపరేషన్ చేయించుకున్నోళ్ల ఇంట్ల తొంగి చూస్తున్నది.

ఇంకా పెద్ద గండం మన అలవాటుల ఉన్నది. కక్కి కక్కి నీరసమైతే మనం ఏం చేస్తం? గల్లీ క్లినిక్‌ల ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిచ్చుకుంటం. పానం తేటవడ్డదనుకుంటం. కానీ గ్లూకోజ్‌ను ఒళ్లు వాడుకోవాలంటే బి1 కావాలె. మిగిలిన కొద్దిపాటి బి1ను ఆ గ్లూకోజే మింగేస్తది. తూలుకుంట నడిచి వచ్చిన మనిషి ఆ బాటిల్ అయిపోయేసరికి ఇంకింత చెడిపోవచ్చు. కాబట్టి ఆపరేషన్ అయిన మనిషి వాంతులతోటి ఏ దవాఖానకు పోయినా ముందు చెప్పాల్సిన మాట ఒక్కటే: ‘నాకు కడుపు ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కంటె ముందు బి1 సూది ఇయ్యున్రి’. డాక్టర్‌కు చెప్పేటంత పెద్దోళ్లమా అని సిగ్గువడకున్రి.

వాంతులే కాదు. మొదటి వారాలల్ల జ్వరం, గుండె దడ, తగ్గని కడుపు నొప్పి, ఊపిరి ఆడకపోవుడు, పిక్క ఉబ్బుడు, వీట్ల ఏది వచ్చినా తెల్లారేదాంక ఆగొద్దు. కుట్టు కాడ కారుతుండొచ్చు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

రెండోది నొప్పి గోలీలు. ఉప్పల్, నాచారంల కష్టం చేసేటోళ్ల జేబుల ఇవి లేని రోజుండదు. నడుం నొస్తే ఒకటి, పన్ను నొస్తే ఒకటి, మెడికల్ షాపుల చీటీ లేకుండనే ఇస్తరు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ అసొంటియి ఈ కొత్త కడుపుకు పడయి. బైపాస్ అయినోళ్లకైతే కలిపిన కాడ పుండు పడి రక్తం కారుతది, రంధ్రం సుత పడొచ్చు. బీడీ సిగరెట్ తాగెటోళ్లకు ఈ గండం ఇంకా ఎక్కువ. షాపాయనకు ఆపరేషన్ ముచ్చట చెప్పకుండ నొప్పి గోలీ తీసుకోవద్దు.

ఇగ విటమిన్ గోలీలు. ఇవి ఆరు నెలలకో యాడాదికో ఆగేటియి కావు, బతికినన్ని రోజులు మింగాలె. మల్టీవిటమిన్, ఐరన్, కాల్షియం, డి, బి12. ‘మంచిగనే ఉన్న గదా’ అని యాడాది తర్వాత బంద్ చేసేటోళ్లే ఎక్కువ. బి12ది కండ్లు గప్పే యవ్వారం. లివర్‌ల ఏండ్లకు సరిపోయే నిల్వ ఉంటది కాబట్టి గోలీ ఆపినా తొందరగ తెల్వదు. తెలిసేసరికి నరాలు దెబ్బతింటయి. ఐరన్, కాల్షియం ఒక్కసారి మింగొద్దు, రెండు గంటలు ఎడం ఉండాలె. ఐరన్ గోలీ మింగి ఎంబడే చాయ్ తాగితే గోలీ మింగనట్టే. ఇరానీ హోటల్ గోడకు ఆనుకొని పెరిగినోళ్లం, ఇది జర కష్టమే. మొదటి యాడాది మూడు నాలుగు సార్లు, ఆ తర్వాత యాడాదికోసారి రక్త పరీక్షలు చేయించుకోవాలె.

తిండి ముచ్చటకు వద్దాం. మొదటి రెండు వారాలు పలసటి నీళ్లు, సల్ల, పప్పు మీది తేట, పాలు. ఆ తర్వాత మెత్తగ పిసికినయి. నెలన్నర, రెండు నెలలకు మామూలు తిండి, అదీ చిన్న గిన్నెడు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలె, లేకపోతే కొవ్వుతో పాటు కండ సుత కరుగుతది. డబ్బాల అమ్మే ఖరీదు పొడులే దిక్కని భయపడకున్రి. రెండు గుడ్లల్ల 12 గ్రాములు, పావు లీటరు పాలల్ల 8, యాభై గ్రాముల పెసరపప్పుల 12, వంద గ్రాముల చికెన్‌ల ఇరవై దాటి ఉంటది. కొద్దిగ పెరుగు, పుట్నాల పొడి కలిస్తే లెక్క సరిపోతది. చిక్కేందంటే, ముందు బువ్వ తింటే పప్పుకు, గుడ్డుకు జాగ మిగలది. మన పళ్లెంల ఎప్పుడూ బువ్వ గుట్ట, అంచుకు కూర. ఇప్పుడు కూర ముందు తినాలె, బువ్వ అంచుకు పోవాలె. తినుకుంట నీళ్లు తాగొద్దు, అరగంట ఆగి గుటక గుటక తాగాలె. భక్షాలు, మలీద లాంటియి బైపాస్ అయినోళ్లు తింటే చెమటలు, దడ, విరేచనాలు పట్టుకుంటయి. బతుకమ్మ నాడు ‘ఒక్క ముద్దకు ఏమైతది’ అనే మేనత్తలకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టున్రి.

ఒక్కో పూట ఈ చిన్న గిన్నెడు తినుటానికే ఇరవై, ముప్పై నిమిషాలు పడ్తది. రోజుకు ఐదారు సార్లు తినాలె. ఇప్పుడు చెప్పున్రి, షిఫ్టుల పని చేసేటోళ్లు ఎట్ల తినాలె? 1948 ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఇయ్యాలన్నది. ఆ అరగంటలనే చేతులు కడుగుడు, లైన్‌ల నిలవడుడు, తినుడు, మళ్ల మిషన్ కాడికి ఉరుకుడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల బట్టలు కుట్టే ఒకామె నాతోని చెప్పింది. “అన్నా, తింటే నమిలే టైం లేదు, నమలకుంటే బాత్రూంల కక్కుడు. కక్కినందుకు సూపర్‌వైజర్ తిట్టుడు. అందుకే పగటీలి తినుడే బంద్ పెట్టిన.” ఆమె బరువు జోరుగ తగ్గింది. చూసినోళ్లందరు ఆపరేషన్ మంచిగ పనిచేసిందన్నరు. తిననిదానికి, ఆపరేషన్ పనిచేసినదానికి తేడా తూకం మిషన్ చెప్పది.

ఆడోళ్లకు ఇంకో రెండు ముచ్చట్లు. మూడు నుంచి ఆరు నెలల నడుమ జుట్టు ఊడ్తది, గాబరా పడొద్దు, ప్రొటీన్, ఐరన్ మంచిగ ఉంటే చానమందికి మళ్ల వస్తది. రెండోది ఎవలూ చెప్పనిది. బరువు తగ్గంగనే, ఏండ్ల సంది సక్కగ రాని నెలసరి దారికొచ్చి గర్భం తొందరగ నిలుస్తది. కానీ కనీసం యాడాది, యాడాదిన్నర ఆగాలె, లేకపోతే తల్లికీ బిడ్డకూ సత్తువ సాలది. బైపాస్ అయితే మింగే గర్భనిరోధక గోలీల మీద నమ్మకం పెట్టుకోవద్దు, వేరే పద్ధతి డాక్టర్‌ను అడగాలె. మొగోళ్ల సంగతికొస్తే, ఈ కడుపుకు మందు గబుక్కున ఎక్కుతది, తిండి మీద పోయిన మనసు సీసా మీద పడేటోళ్లు సుత ఉంటరు. రెండు గ్లాసులే అని బండి తోలకున్రి.

పైసల లెక్క చూస్తే మండుతది. బీమా కంట్రోల్ చేసే ఐఆర్‌డీఏఐ 2019ల తెచ్చిన రూల్స్‌ల ఈ ఆపరేషన్‌కు దారి ఉన్నది. 18 ఏండ్లు నిండి, బాడీ మాస్ ఇండెక్స్ 40 దాటినా, 35 దాటి అదుపు కాని షుగర్, గుండె జబ్బు అసొంటియి ఉన్నా, మిగతా ప్రయత్నాలు పనిచెయ్యకపోతే, డాక్టర్ రాస్తే కట్టియ్యొచ్చు. మంచిదే. అదే రూల్స్‌ల ఇంకో కాడ, దవాఖాన క్లెయిమ్‌ల భాగంగ డాక్టర్ రాస్తే తప్ప విటమిన్లకు పైసలు రావని ఉన్నది. కడుపు కోసుటానికి పైసలు ఉన్నయి, కోసినంక బతుకుటానికి లేవు. ప్యాకేజీ మాట్లాడేటప్పుడు సుత సర్జన్, రూము, మిషన్ లెక్కలే చెప్తరు. అయిదేండ్ల గోలీల ఖర్చు ఎంతని అడిగితే మొకం చూస్తరు.

సర్కారు దిక్కు నుంచి ఆశ లేదనలేం. 2022ల ఉస్మానియా దవాఖాన డాక్టర్లు 240 కిలోల బరువున్న మనిషికి ఈ ఆపరేషన్ చేసిన్రు. గరీబోళ్లకు సుత ఇది అందుతదని రుజువు చేసిన్రు. ఇగ మన కాడ ఈఎస్ఐ ఉన్నది. నెలకు 21 వేల లోపు జీతమున్న కార్మికుని నుంచి ముప్పావు శాతం, యజమాని నుంచి మూడుంబావు శాతం కోస్తరు. ఆ పైసలకు బదులు వచ్చే హక్కుల్ల ఒకటి, రోగమొచ్చి పని చెయ్యలేనన్ని రోజులు జీతంల 70 శాతం, యాడాదికి 91 రోజుల దాంక. కడుపు ఆపరేషన్ అయినోళ్లు సర్టిఫికెట్ తీసుకొని ఇది అడగాలె. పది రోజులకే మిషన్ ఎక్కి, కక్కుకుంట కుట్టుడు దేనికి? నాచారం ఈఎస్ఐ దవాఖానల వారానికి ఒక్క పూట, ఆపరేషన్ యాడ చేయించుకున్నా సరే, ఇసొంటోళ్లను చూసే ఓపీ పెట్టాలె. రక్త పరీక్ష, బి12 సూది, ఐరన్, కాల్షియం, తెలుగుల మాట్లాడే పోషకాహార నిపుణురాలు. ఇంతే అడిగేది. పక్కనే తార్నాకల వందేండ్ల అనుభవమున్న సంస్థ ఉండంగ ఇది కాదంటే ఎట్ల? యూనియన్లు సుత బోనస్ కోరికల చిట్టాల ఇంకో లైన్ రాయాలె: డాక్టర్ చీటీ ఉన్నోళ్లకు షిఫ్టుల రెండు పది నిమిషాల తిండి విరామాలు.

అప్పటిదాంక చేసుకోగలిగే పని ఒకటున్నది. ఒక చిన్న అట్ట ముక్క మీద రాసి, ఆధార్ కార్డుతోటి సంచిల పెట్టుకోవాలె. ఏ ఆపరేషన్, స్లీవా బైపాసా. ఏ తారీఖు. సర్జన్ నంబరు. దాని కింద పెద్దక్షరాలతోటి: నొప్పి గోలీలు డాక్టర్‌ను అడగకుండ ఇయ్యొద్దు. వాంతులుంటే గ్లూకోజ్‌కు ముందు బి1.